వేట మొదలయ్యేదాకా: గంజాం తీరంలో ఒక అంగిలి క్యాన్సర్ కేసు, చివరి రోజుల ప్రణాళిక

రోగి 64 ఏళ్ళ వితంతువు. ఎండు చేపలు అమ్మి బతికిన మనిషి. ఊరు ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్‌కి దక్షిణంగా ఆంధ్ర సరిహద్దు వైపున్న తెలుగు మత్స్యకార పల్లె. ఈ తీరంలో తెలుగు జాలర్లను ఒడియా వాళ్ళు నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ముసలివాళ్ళకు ఏ లిపీ రాదు, మనవలకు ఒడియా చదవడం వచ్చు గానీ తెలుగు అక్షరాలు రావు. ఈ కేసులో ఈ సంగతి అడుగడుగునా అడ్డం వచ్చింది. గుర్తుపట్టే ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాం.

ఆమె 20 ఏళ్ళ వయసు నుంచీ అడ్డపొగ తాగింది. అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో, ఇటు గంజాం పల్లెల్లో ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ అలవాటు. వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి కాబట్టి, మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి (అంగిలి ముందుభాగం) క్యాన్సర్ ఇక్కడ ఎక్కువ. ఈమెకు బరంపురంలో బయాప్సీ, కటక్‌లో రేడియేషన్ అయ్యాయి. ఏడాది తిరక్కముందే జబ్బు మళ్ళీ పైదవడలోకి, అక్కడి నుంచి ఎడమ చెంపలోకి వచ్చింది. ఆపరేషన్‌కు వీల్లేదని తేలింది.

మాది ఇళ్ళకు వెళ్ళి, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం చేసే బృందం. జనవరి మూడో వారంలో మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పటి పరిస్థితి: బరువు 34 కిలోలు. నొప్పి పదికి ఎనిమిది. రాత్రి నిద్ర లేదు. అంగిలికి రంధ్రం పడి, తాగిన గంజి ముక్కులోంచి వస్తోంది, మాట ముక్కుతో పలికి అర్థం కావడం లేదు. చెంప మీద పుండు, వాసన, ఈగలు. కంచం, గ్లాసు విడిగా పెట్టారు. ఇది అంటుకునే జబ్బని ఇంట్లో నమ్మకం. నొప్పికి ట్రమడాల్ 50 మి.గ్రా. రోజుకు నాలుగు సార్లు వేసుకుంటోంది, పని చేయడం లేదు. "పుండు, మందులతో మానిపోద్ది" అని ఆమెకు చెప్పారు.

చనిపోవడం గురించి ఆ రోజు ఒక్క మాటా ఎత్తలేదు. నొప్పి ఎనిమిది దగ్గర ఉన్న మనిషి ఏ నిర్ణయమూ ఆలోచించే స్థితిలో ఉండదు. అలాంటప్పుడు అడిగితే "నన్ను తీసుకుపోయీండి" అంటుంది, దాన్ని మనం ఆమె కోరిక అనుకుంటాం. ఈ తప్పు చాలా చోట్ల జరుగుతుంది.

మొదట నొప్పి, వాసన

క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగానే ఉందని చూసుకుని, ట్రమడాల్ కంటే గట్టి నొప్పి మందైన మార్ఫిన్ మొదలుపెట్టాం. 10 మి.గ్రా. మాత్రలో సగం, అంటే 5 మి.గ్రా., పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6 గంటలకు. రాత్రి 10కి రెట్టింపు, 10 మి.గ్రా., తెల్లవారుజామున లేపకుండా ఉండటానికి. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా 5. దాంతో పాటు రాత్రి విరేచనానికి బైసకోడిల్ 5 మి.గ్రా. మాత్రలు రెండు, మొదటి ఐదు రోజులు వాంతి రాకుండా మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. మూడు పూటలా. కోడలికి ఒడియా ఐదో తరగతి చదువు. కాబట్టి చీటీ రాయకుండా అట్టముక్క మీద పొద్దు, ఎండ, దీపం బొమ్మలు గీసి, ప్రతి బొమ్మ కింద సగం మాత్రో పూర్తి మాత్రో అతికించి ఇచ్చాం. గంటలకు సెల్‌ఫోన్ అలారం.

మూడో రోజు మందు ఆపేశారు. "మత్తులో పడుకుండిపోతంది, ఇది ఆఖరి మందంట కదా" అని పక్కింటివాళ్ళు కోడలిని భయపెట్టారు. వారాల తరబడి నిద్ర లేని మనిషి నొప్పి తగ్గగానే పడుకుంటుంది. మందు తెచ్చే మత్తు కూడా సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. పిలిస్తే లేచి, మాట్లాడి, మళ్ళీ పడుకుంటే అది నిద్రే. పిలిచినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే మాకు ఫోన్ చెయ్యమన్నాం. ఈ వివరం మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. దీనికంటే పెద్ద తప్పు బైసకోడిల్ ఆపడం: "విరేచనాల మందు ఎందుకు, అసలు తినడమే లేదు కదా" అనుకున్నారు. ఐదు రోజులు మలబద్ధకమై ఎనీమా అవసరమైంది. మార్ఫిన్ ఉన్నంత కాలం విరేచన మందు ఉండాల్సిందే. తిండికీ దానికీ సంబంధం లేదు. పదో రోజుకు పూటకు 10, రాత్రి 20 మి.గ్రా. దగ్గర నొప్పి రెండుకీ మూడుకీ మధ్య నిలిచింది.

పుండుకు ఉప్పునీళ్ళు: లీటరు నీళ్ళలో ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, మరిగించి చల్లార్చినవి. పాత కట్టు పొడిగా లాగితే రక్తం వస్తుంది. ముందు నీళ్ళతో తడిపి, నానిన తర్వాతే తీయాలి. కడిగిన పుండు మీద మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా పొడి చేసి చల్లాలి. నాలుగైదు రోజుల్లో వాసన తగ్గింది. వాసన తగ్గాకే మనవరాలు ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. క్యాన్సర్ అంటుకోదని చెప్పడం మొదటి రోజే జరిగింది, కంచం కలవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

చుట్ట మానిపించాలా అని కొడుకు అడిగాడు. ఈ దశలో మాన్పించి సాధించేది లేదు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే మాత్రం నిప్పు దగ్గరికి రాకూడదు. ఇక్కడ సిలిండర్ లేదు. ఆమె రోజుకు ఒకటి తాగింది, చివర్లో తనే వదిలేసింది.

ఎవరికి ఎంత తెలుసు

ఫిబ్రవరిలో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాం. కోడలు: "మావకి తెలిస్తే గుండాగిపోద్ది" అని రోగి అన్నగారి గురించి. కొడుకు విశాఖ హార్బర్లో బోటు పని, ఫోన్లో: "అమ్మకి చెప్పకండి." ఇచ్ఛాపురంలో ఇచ్చిన కూతురు: "అన్నయ్యకి అంతా తెలీదు." ఇక రోగితో మాట్లాడాలంటే ముందు మాట తెప్పించాలి. తడిపిన గాజుగుడ్డ మడత, దారం కట్టి, అంగిలి రంధ్రంలో పెడితే గాలి ముక్కులోకి పోదు, మాట చాలా వరకు తేటపడుతుంది. దారం బయటికి చెంపకు అతికించాలి, లేకపోతే గొంతులోకి జారే ప్రమాదం. అరగంటకంటే ఎక్కువ ఉంచలేదు. డెంటిస్టు చేసే ప్లేటు ఇంకా మేలు గానీ, నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోని మనిషికి అచ్చు తీయడం కుదరలేదు.

"మీ జబ్బు గురించి మీకేం అనిపిస్తోంది పెద్దమ్మా?" అన్నదే ప్రశ్న. ఆమె జవాబు: "నాకు తెల్దేటమ్మా? గుంటలు (పిల్లలు) భయపడతన్నారని నానే ఊరుకున్నాను."

ఇలాంటి పల్లెలో చావు గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. సముద్రం మీదికి పోయి తిరిగి రానివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరున్నారు. తెలియనిదల్లా ఈ జబ్బు ఎలా నడుస్తుందో, ఆస్పత్రిలో ఒక్కో గొట్టం ఏం చేస్తుందో, ఇంట్లో ప్రాణం పోయేటప్పుడు ఏం కనిపిస్తుందో. ఈ మూడింటికీ మూడు సార్లు కూర్చున్నాం, ఒక్కోసారి అరగంట దాటకుండా. ఒకే రోజు అన్నీ చెబితే విన్నవాళ్ళ చెవుల్లో మిగిలేది "చచ్చిపోద్దంట" అన్న ఒక్క ముక్కే.

మొదటిసారి కూర్చున్నప్పుడు జబ్బు దారి: మింగడం తగ్గుతుంది, బలం తగ్గుతుంది, చెంపలోంచి రక్తం రావచ్చు, ఒకసారి కొంచెం వస్తే తర్వాత పెద్దగా రావచ్చు.

రెండోసారి కూర్చున్నప్పటి మాటలే అన్నిటికంటే కష్టమయ్యాయి. గుండె ఆగితే ఛాతీ నొక్కడం గురించి చెప్పాం: అకస్మాత్తుగా గుండె ఆగిన మనిషికి అది పనికొస్తుంది. శరీరమంతా అలిసి చివరికి గుండె ఆగితే, ఆగడానికి కారణం అలాగే ఉంటుంది, 34 కిలోల మనిషికి పక్కటెముకలు విరుగుతాయి. వెంటిలేటర్ అంటే గొంతులో గొట్టం, మాట ఉండదు, చేతులు కట్టవచ్చు, ఐసీయూలో ఇంటివాళ్ళు పక్కన ఉండలేరు. ముక్కు గొట్టం వేరే విషయం: దాన్ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు, గంజీ మందులూ వెళ్తాయి, వద్దనుకుంటే తీసేయొచ్చు. సెలైన్ గురించే వాదన ఎక్కువ జరిగింది, ఈ తీరంలో సెలైన్ ఎక్కించకపోతే వైద్యం చేయనట్టే లెక్క. చివరి రోజుల్లో శరీరం ఆ నీటిని వాడుకోలేదు, కాళ్ళకు వాపు, ఛాతీలో గురగుర వస్తాయి అని చెబితే కోడలు అసలు ప్రశ్న అడిగింది: "అయితే ఆకలితో సంపేసినట్టు కాదా?" ఆకలి తగ్గడం జబ్బు వల్ల వస్తుంది, తిండి తగ్గినందువల్ల ప్రాణం పోవడం లేదు అని మూడు సార్లు, మూడు రోజుల్లో చెప్పాల్సి వచ్చింది. రెండు చెంచాల చోడి (రాగి) అంబలి అడిగితే రెండే పెట్టండి, అడగకపోతే పెదాలు తడపండి, అదే తిండి పెట్టడం.

ఏప్రిల్ 15

తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. హార్బర్లలో పని చేసే మగవాళ్ళు ఇళ్ళకు వస్తారు. కుటుంబమంతా కూర్చునే మాట అప్పటిదాకా ఆపాం. దూరంలో ఉన్న కొడుకు లేకుండా తీసుకున్న నిర్ణయం, ఆఖరి రాత్రి అతని ఒక్క ఫోన్‌తో మారిపోతుంది. ఏప్రిల్ దాకా ఆగడం సాహసమే. ఆమె ఓపిక చూసి, ఆ లోపు పరిస్థితి దిగజారితే వీడియో కాల్‌లో మాట్లాడుకోవాలని ముందే అనుకున్నాం.

ఆమె అందరి ముందూ అడిగింది: "మళ్ళీ వేట మొదలయ్యేదాకా ఉంటానా?" ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు, లెక్క ఇక నెలల్లో లేదు, వారాల్లో ఉంది, కొడుకు ఇంట్లో ఉన్న ఈ రెండు నెలల్లోనే చెప్పుకోవాల్సినవి చెప్పుకోండి అని జవాబిచ్చాం. తారీకు చెప్పకూడదు. చెబితే ఇంట్లో అందరూ దాన్నే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

అడ్డం చెప్పింది అన్నగారు. ఇంట్లోనే పోవాలన్న ఆమె కోరికకు ఆయన ఒప్పుకోలేదు. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు: ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు నెలల పాటు మూసెయ్యాలి, పిల్లలు ఎక్కడికి పోతారు? వైద్యం తెలిసినవాళ్ళు దీన్ని మూఢనమ్మకమని కొట్టేస్తే మాట అక్కడితో తెగిపోతుంది, రోగి చివరికి ఏ ఆస్పత్రి వరండాలోనో ఉంటుంది. ఏం చేస్తే ఆయనకు సమ్మతమో ఆయన్నే అడిగాం. పెరట్లో తాటాకు పాక వేద్దామన్నాడు. జూన్ వానలకు మీద టార్పాలిన్, నేల తడవకుండా ఇసుక ఎత్తు పోసి, మంచం తలవైపు రెండు ఇటుకలు. సముద్రపు గాలి తగులుతుందని ఆమెకే ఎక్కువ నచ్చింది.

కాగితం

2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలో (జీవించే హక్కులో) భాగమని చెప్పి, ముందస్తు వైద్య ఆదేశాన్ని, అంటే తను చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసి పెట్టుకునే పత్రాన్ని, గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్న నిబంధన వల్ల దాదాపు ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరి 24న దాన్ని సడలించారు: 18 ఏళ్ళు నిండి, సరైన మానసిక స్థితిలో ఉన్నవారు, ఇద్దరు సాక్షుల ముందు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో రాయవచ్చు. తన తరఫున మాట్లాడేవారిగా ఒకరికంటే ఎక్కువ మందిని పేర్కొనవచ్చు. ఆస్పత్రిలో దీన్ని అమలు చేయాలంటే, చికిత్స చేసే డాక్టరుతో పాటు కనీసం ఐదేళ్ళ అనుభవం ఉన్న ఇద్దరు నిపుణుల ప్రాథమిక బోర్డు, తర్వాత జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించిన డాక్టరున్న రెండో బోర్డు ఒప్పుకోవాలి, ఒక్కో బోర్డూ వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలి. ఇంట్లో జరిగే సంరక్షణకు ఈ బోర్డులతో పని లేదు. అయినా రాయించాం, ఎవరైనా ఆస్పత్రికి తీసుకుపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి.

మొదటిసారి నోటరీ నిరాకరించాడు: మాట అర్థం కావడం లేదు, తెలివిలో ఉందో లేదో తనకెలా తెలుస్తుందని. ఆయన అడిగింది న్యాయమే. రెండోసారి మార్ఫిన్ పూట అయ్యాక గంటకు, అంగిలిలో గాజుగుడ్డ పెట్టి, డాక్టరు ముందు నాలుగు విషయాలు చూపించాం: చెప్పింది అర్థమైందా, అరగంట తర్వాత గుర్తుందా, రెండు దారుల్లో ఏది ఎందుకు ఎంచుకుందో చెప్పగలదా, తన నిర్ణయం మాటతోనో సైగతోనో తెలపగలదా. నాలుగూ అయ్యాయి. పత్రం ఒడియాలో టైపు చేశాం, ఎందుకంటే దాన్ని చదవాల్సింది బరంపురం డాక్టర్లూ 108 సిబ్బందీ. చివర "తెలుగులో చదివి వినిపించగా అర్థమై సరేనన్నది" అన్న వాక్యం, ఎడమ బొటనవేలి ముద్ర, చదివి వినిపించినవారి సంతకం. ఈ వాక్యం లేకపోతే తనకు రాని భాషలో వేసిన వేలిముద్రకు విలువ ఉండదు.

ఆమె కోరినవి: గొంతులో గొట్టం వద్దు, ఛాతీ నొక్కవద్దు. ముక్కు గొట్టం సరే, చాలంటే తీసెయ్యాలి. రక్తం వచ్చినా ఊరు దాటించవద్దు. ఆమె తరఫున కొడుకు, అతను అందకపోతే కోడలు. కాగితంలో పట్టని ఇంకో మాట కూడా చెప్పింది: అడ్డపొగ తాగే తన ఈడు ఆడవాళ్ళకు తన నోరు చూపించమని.

మే నెల: తప్పిన చోటు

మే మూడో వారం, రాత్రి. చెంపలోంచి గుప్పెడు రక్తం. కొడుకు బజారుకు వెళ్ళాడు. పక్కింటివాళ్ళు 108కి ఫోన్ చేశారు. పత్రం ట్రంకు పెట్టెలో ఉంది, తాళం కొడుకు దగ్గర. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ సెలైన్, రక్తం కట్టే ఇంజెక్షన్, పరీక్షలు. మార్ఫిన్ రెండు రోజులు ఇవ్వలేదు, నొప్పి మళ్ళీ ఎనిమిదికి ఎక్కింది. మూడో రోజు పట్టుబట్టి తెచ్చుకున్నారు.

తప్పు పక్కింటివాళ్ళది కాదు. మనిషి రక్తం కక్కుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరి వల్లా కాదు. ఇంటివాళ్ళకు చెప్పాం గానీ, గోడ అవతలివాళ్ళకు చెప్పలేదు. రక్తం వస్తుందన్నాం గానీ, వచ్చినప్పుడు చేతులతో ఏం చేయాలో చేయించి చూడలేదు.

తర్వాత చేసినవి: పత్రం మూడు నకళ్ళు. ఒకటి ప్లాస్టిక్ కవర్లో పాక గుంజకు మేకుకు, ఒకటి పక్కింట్లో, ఒకటి ఆశా కార్యకర్త దగ్గర. ముదురు ఎరుపు తువ్వాళ్ళు నాలుగు, తెల్ల గుడ్డ మీద కొంచెం రక్తం కూడా బిందెడులా కనబడి భయపెడుతుంది కాబట్టి. కొంచెం రక్తమైతే, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్ర పొడి చేసి తడి గాజుగుడ్డకు పట్టించి, గడియారం చూసి పది నిమిషాలు వదలకుండా నొక్కడం. ఎక్కువైతే రక్తం గొంతులోకి పోకుండా పుండు ఉన్న ఎడమ వైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టి, తువ్వాలు అడ్డుపెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చోవడం. నర్సు వచ్చి చర్మం కింద మత్తు మందు మిడజోలాం ఇవ్వగలదు గానీ, పెద్ద రక్తస్రావం నిమిషాల్లో ముగుస్తుంది, నర్సు రావడానికి 40 నిమిషాలు. ఈ లెక్క దాచకుండా చెప్పాం. తువ్వాలు చేతికిచ్చి, కొడుకుతో, కోడలితో, పక్కింటి ఇద్దరితో రెండు సార్లు చేయించాం.

జూన్

పెద్ద రక్తస్రావం రానే లేదు. జూన్ 15న కొడుకు బోటెక్కాడు, వెళ్ళమని ఆమే సైగ చేసింది. రెండో రోజు నుంచి మగత. అప్పటికే ముక్కు గొట్టం ఉంది కాబట్టి, మార్ఫిన్ మామూలు మాత్ర నీళ్ళలో కరిగించి గొట్టంలో పోయడం ఆపలేదు. ఆలస్యంగా విడుదలయ్యే రకం మాత్రను మాత్రం ఎన్నడూ నూరకూడదు. గంజి ఆపాం. గొంతులో గురగురకు పక్కకు ఒత్తిగిలించడం, నర్సు వచ్చినప్పుడు హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మి.గ్రా. చర్మం కింద. ఆ శబ్దం ఆమెకు బాధ కాదని, వినేవాళ్ళకే కష్టమని ముందే చెప్పి ఉన్నాం. ఊపిరి కొంతసేపు ఆగి మళ్ళీ అందుకోవడం, పాదాలు చల్లబడి మోకాళ్ళ దాకా నీలి మచ్చలు రావడం, వీటిని కోడలు మూడోసారి కూర్చున్నప్పుడు విన్న వరుసలోనే గుర్తుపట్టి ఫోన్లో చెప్పింది.

నాలుగో రాత్రి ఒక బంధువు విశాఖకు ఫోన్ చేసి "ఆస్పత్రికి తీసుకెళ్ళమంటావా?" అని అడిగాడు. కొడుకు "అమ్మ ఒద్దంది, నా ఎదురుగానే వేలేసింది" అన్నాడు. తెల్లవారుజామున అన్నగారు తులసి నీళ్ళు పోశాడు. పాకలోనే పోయింది.

మిగిలిన పనులు: మరణ కారణం ధ్రువీకరణ ఇంటి మరణం కాబట్టి 4ఎ ఫారంలో, 21 రోజుల్లో నమోదు. పింఛను పాస్‌బుక్‌కు నామినీ ఏప్రిల్‌లోనే పెట్టించి ఉండడంతో కోడలు బ్యాంకు చుట్టూ తిరగలేదు. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నాం, వాటిని ఇంట్లో వదలకూడదు.

మే చివర్లో, ఆమె కోరినట్టే, వాడలోని ఆరుగురు ఆడవాళ్ళు వచ్చి ఆమె నోరు చూశారు. ఆ తర్వాత వాళ్ళ నోళ్ళు చూపించారు. ఇద్దరికి అంగిలి మీద తెల్లటి మందపాటి పొర, మధ్యలో ఎర్ర చుక్కలు. మూడో ఆమెకు ఒక పక్క మానని చిన్న పుండు, నొప్పి లేదంది. ఆమెను ఆ వారంలోనే బయాప్సీకి బరంపురం పంపించాం. తోడుగా వెళ్ళింది ఈ ఇంటి కోడలు.